గంజాయి పొగ, ఊపిరితిత్తులు: నెల్లూరు తీరం

గంజాయి మొక్కల్లో ఆడ, మగ వేరువేరు. ఆడమొక్క పూతగుత్తుల్ని వాటిని అంటిపెట్టుకున్న జిగురుతో సహా ఎండబెడితే వచ్చేది గంజాయి. ఆకును నూరి పాలలోనో నీళ్లలోనో కలుపుకుంటే భంగు. జిగురును మాత్రమే తీసి ఉండకడితే చరస్. మూడింటిలోనూ మత్తెక్కించేది టీహెచ్‌సీ అనే ఒకే పదార్థం. భంగు కడుపులోకి పోతుంది. గంజాయి, చరస్ పొగగా మారి ఛాతీలోకి పోతాయి. తెలుగులో మనం చుట్టనూ బీడీనీ కూడా ‘తాగుతాం’ కాబట్టి మాటలో ఆ తేడా కనబడదు. ఊపిరితిత్తులకు మాత్రం తేడా అంతా అక్కడే ఉంది.

కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ నిపుణులు జరిపి 2019లో వెలువరించిన సర్వే ప్రకారం, 10 నుంచి 75 ఏళ్ల లోపు భారతీయుల్లో 2.8 శాతం మంది, అంటే సుమారు 3.1 కోట్ల మంది, అంతకు ముందటి ఏడాదిలో ఈ మూడింటిలో ఏదో ఒకటి వాడారు. భంగు వాడినవారు సుమారు 2.2 కోట్లు, గంజాయి గానీ చరస్ గానీ తాగినవారు సుమారు 1.3 కోట్లు, కొందరు రెండు లెక్కల్లోనూ ఉన్నారు. 2016-17 నాటి వయోజన పొగాకు సర్వేలో బీడీ, సిగరెట్టు, చుట్ట వంటివి తాగేవారు దాదాపు 10 కోట్లని తేలింది. ఛాతీ డాక్టర్ల శ్రద్ధంతా పొగాకు మీదే ఎందుకు నిలిచిందో ఈ 1.3 కోట్లు, 10 కోట్ల అంకెలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

దారి మీది జిల్లా

నెల్లూరు తీరం గంజాయి పండే చోటు కాదు, అది పోయే దారి. కావలి నుంచి తడ దాకా పాత నెల్లూరు జిల్లా పొడుగునా, సముద్రానికి కాస్త ఎడంగా, రెండు బాటలు జంటగా నడుస్తాయి: కోల్‌కతా–చెన్నై 16వ నంబరు జాతీయ రహదారి, హౌరా–చెన్నై రైలు మార్గం. అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యంలోనూ, ఒడిశా వైపు మల్కనగిరి, కోరాపుట్ కొండల్లోనూ పండిన సరుకు చెన్నై చేరడానికి ఇవే దగ్గరి దారులు. తమిళనాడు తీరం నుంచి అందులో కొంత పడవలెక్కి శ్రీలంకకూ పోతుంది. వెంకటాచలం టోల్‌ప్లాజా దగ్గర లారీలో, నెల్లూరు స్టేషన్లో ప్రయాణికుడి సంచిలో గంజాయి దొరికిందన్న వార్త ఇక్కడి జిల్లా పేజీలకు కొత్త కాదు.

ఆ కొండల్లో పండే రకాల్లో పేరుమోసింది ‘శీలావతి’. ఎవరు పెట్టారో గానీ వెటకారం తెలిసినవాళ్లే అయ్యుండాలి. 2021 చివర్లో ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో రాష్ట్ర పోలీసులు విశాఖ మన్యంలో వేల ఎకరాల్లో గంజాయి తోటల్ని నరికించారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు 2 లక్షల కిలోల పట్టుబడ్డ సరుకును గుట్టలు పోసి కాల్చేశారు. 2024 నవంబరులో మత్తు పదార్థాల్ని అరికట్టడం కోసమే ‘ఈగల్’ అనే విభాగం ఏర్పడింది. సమాచారమిచ్చేందుకు 1972 నంబరు పెట్టారు.

దారిన పోయే సరుకు దారిలో కొంతైనా చిందుతుంది. చిందినది చిన్న పొట్లాలై ఊళ్లలోకి వస్తుంది. అక్కడ దానికి తోడుగా పొగాకు సిద్ధంగా ఉంటుంది. కలిగిరిలో, డీసీపల్లిలో, కందుకూరులో పొగాకు బోర్డు వేలం కేంద్రాలున్నాయి. పొగాకు కాల్చే బ్యారన్లు ఈ మెట్ట ప్రాంతపు రైతుకు ఇంటి గోడంత పరిచయం. గంజాయి తాగడం మొదలుపెట్టే కుర్రవాడు సాధారణంగా సిగరెట్టులోని పొగాకు సగం రాల్చి, అందులో పొడిచేసిన గంజాయి కలిపి, మళ్లీ కూరుకుంటాడు. లేదా పలుచని కాగితంలో రెండూ కలిపి చుట్టుకుంటాడు. చిలుము అనే మట్టి గొట్టంలో కూడా తరచు పొగాకు కలుస్తుంది.

ఈ కలపడమే ఈ విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. ‘గంజాయి ఒక్కటే ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుంది’ అని అమెరికా, న్యూజీలాండ్ పరిశోధకులు యాభై ఏళ్లుగా అడుగుతున్నారు. నెల్లూరు తీరాన గంజాయి ఒక్కటే తాగిన ఛాతీ దొరకడం కష్టం. ఇక్కడ పొగాకు ఉంటుంది, దుమ్ము ఉంటుంది, క్షయ ఉంటుంది. అక్కడి ఫలితాల్ని ఇక్కడికి తెచ్చుకునేటప్పుడు ఈ తేడాను వదిలేయకూడదు.

సర్కారు కొట్టు, సర్కారు విచారణ

ఈ తీరానికి గంజాయి కొత్త పాపమేమీ కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో కల్లు, సారా, నల్లమందుతో పాటు గంజాయిని కూడా అబ్కారీ శాఖ చూసేది. లైసెన్సు పాడుకున్నవాళ్లు కొట్లు పెట్టి అమ్మేవారు. నెల్లూరుకు ఉత్తరాన, ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న సంతరావూరు ప్రాంతం ఆ రోజుల్లో లైసెన్సు మీద గంజాయి పండించిన చోటు. పన్ను వస్తున్నంత కాలం దగ్గు ఎవరికీ పట్టలేదు.

బ్రిటన్ పార్లమెంటులో ప్రశ్న లేచాక 1893లో ‘ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్’ ఏర్పడింది. డబ్ల్యూ. మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షుడు. మద్రాసు సహా దేశమంతా తిరిగి 1,193 మంది సాక్షుల్ని విచారించి 1894లో నివేదిక ఇచ్చారు. గంజాయి పిచ్చి పుట్టిస్తుందా, నేరాలు చేయిస్తుందా అన్న వాదాల మీద ఆ నివేదికను ఇప్పటికీ ఉటంకిస్తారు. ఊపిరితిత్తుల గురించి అందులో ఉన్న భాగాన్ని మాత్రం పెద్దగా ఎవరూ తలచుకోరు. మితంగా వాడితే హాని తక్కువని మొత్తం మీద తేల్చిన ఆ కమిషనే, ఏళ్ల తరబడి గంజాయి పొగ పీల్చేవారి ఊపిరితిత్తుల్లో సన్నటి మసి పేరుకుంటుందని, పొగలోని ఘాటు పదార్థాలు శ్వాసనాళాల లోపలి పొరను రేపి తెమడ పెంచుతాయని, అదే గంజాయి తాగేవారిలో కనబడే దీర్ఘకాలిక బ్రాంకైటిస్ అని రాసింది. ఎక్స్‌రే కనిపెట్టడానికి ఒక ఏడాది ముందు రాసిన మాట ఇది. నూట ముప్పై ఏళ్ల తర్వాత, సీటీ స్కాన్లూ కణజాల పరీక్షలూ చేసినవాళ్లు కూడా దాదాపు అదే చెబుతున్నారు.

కమిషన్ మరో సంగతి కూడా గమనించింది: ఉబ్బసం ఉన్న కొందరికి గంజాయి దమ్ము తాత్కాలికంగా ఉపశమనమిస్తుంది. ఇది పుకారు కాదు. ఆ కాలంలోనే పారిస్‌లోని గ్రిమో కంపెనీ ఉబ్బసం మందుగా గంజాయి సిగరెట్లు తయారు చేసి అమ్మేది. టీహెచ్‌సీ శ్వాసనాళాల కండరాల్ని కొద్దిసేపు సడలిస్తుందని 1970లలో ప్రయోగాలూ నిరూపించాయి. ‘గంజాయి ఆయాసానికి మంచిది’ అని పల్లెల్లో వినబడే మాటకు ఉన్న ఆధారం ఇంతే. ఆ సడలింపు గంటల్లో పోతుంది, రోజూ తాగేవాడిలో క్రమంగా తగ్గిపోతుంది. దాన్ని మోసుకొచ్చిన పొగ చేసే రాపిడి మాత్రం మిగిలిపోతుంది. ఇన్‌హేలరు జేబులో పెట్టుకోగలిగిన కాలంలో ఉబ్బసానికి చిలుము పట్టడం, దీపం కోసం కొంప తగలబెట్టుకోవడమే.

1961 నాటి అంతర్జాతీయ మత్తు పదార్థాల ఒప్పందం మీద సంతకం చేసిన భారత్, గంజాయి వైద్యేతర వాడకాన్ని 25 ఏళ్లలో ఆపడానికి ఒప్పుకుంది. ఆ గడువు దగ్గరపడుతుండగా 1985లో మత్తు పదార్థాల్ని నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చింది. పూత, కాయ గుత్తులే ఆ చట్టం లెక్కలో గంజాయి. వాటితో కలవని ఆకు, గింజ అందులోకి రావు. భంగు కొట్లు ఉత్తరాదిలో ఇంకా ఉన్నది అందుకే.

దమ్ము లోపలికి పోయాక

ఏ ఆకు కాలినా తారు, కార్బన్ మోనాక్సైడు, క్యాన్సర్ కలిగించగల రసాయనాలు పుడతాయి. పొగాకులో నికోటిన్ ఉంటుంది, గంజాయిలో టీహెచ్‌సీ లాంటివి ఉంటాయి. ఆ తేడా తీసేస్తే రెండు పొగలూ అన్నదమ్ములే. కొన్ని విషయాల్లో గంజాయి పొగే ఘాటు. కెనడాలో యంత్రంతో తాగించి చేసిన 2008 నాటి విశ్లేషణలో గంజాయి పొగలో అమ్మోనియా పొగాకు పొగలో కన్నా 20 రెట్ల దాకా, హైడ్రోజన్ సయనైడు, కొన్ని నైట్రోజన్ ఆక్సైడ్లు 3 నుంచి 5 రెట్లు ఎక్కువగా కనబడ్డాయి.

అంతకన్నా ముఖ్యమైనది తాగే తీరు. బీడీ తాగేవాడు పొగ లాగి వెంటనే వదిలేస్తాడు, మాట్లాడుతూ తాగుతాడు, ఒక్కోసారి చేతిలోనే ఆరిపోతుంది. గంజాయి తాగేవాడు నిండా లాగి, ఊపిరి బిగబట్టి, కళ్లు మూసుకుని లోపలే నిలుపుతాడు. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ టాష్కిన్ బృందం ఈ తేడాను కొలిచి 1988లో ప్రచురించింది. సిగరెట్టుతో పోలిస్తే గంజాయి దమ్ము పరిమాణం మూడింట రెండు వంతులు పెద్దది, పొగను లోపల నిలిపే సమయం సుమారు నాలుగు రెట్లు. ఫలితంగా రక్తంలో కార్బన్ మోనాక్సైడు పెరుగుదల దాదాపు 5 రెట్లు, లోపలికి పోయిన తారు సుమారు 3 రెట్లు. పోయిన తారులో లోపలే నిలిచిపోయే భాగం కూడా ఎక్కువే.

బిగబడితే మత్తు ఎక్కువని తాగేవాళ్ల నమ్మకం. నిజానికి టీహెచ్‌సీలో ఎక్కువ భాగం మొదటి కొన్ని క్షణాల్లోనే రక్తంలోకి చేరుతుంది. ఆ తర్వాత బిగబట్టి సంపాదించేది తారును మాత్రమే.

చిలుముకు అడుగున తడిగుడ్డ చుడతారు కదా, అది వడగడుతుందని ఒక వాదం. గుడ్డ నిప్పురవ్వల్ని ఆపుతుంది, పొగను కొంచెం చల్లబరుస్తుంది. నీటి గొట్టమూ అంతే. చల్లబడిన పొగ గొంతులో మండదు గనక ఇంకా లోతుగా లాగుతారు. సిగరెట్టు ఫిల్టరును పీకి పారేసి కాగితం ముక్కను చుట్టి పెట్టుకునే అలవాటు చూస్తే, ఉన్న కాస్త వడపోతను కూడా చేతులారా తీసేసుకుంటున్నారని చెప్పాలి.

సందేహం లేనిది దగ్గు

గంజాయి పొగ చేసే హానుల్లో వాదం లేనిది దీర్ఘకాలిక బ్రాంకైటిస్. రోజూ దగ్గు, పొద్దున్నే తెమడ, ఛాతీలో పిల్లికూతలు. అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీలు 2017లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ జల్లెడపట్టి ఇచ్చిన నివేదికలో, ఎక్కువకాలం గంజాయి తాగడానికీ ఈ లక్షణాలకూ సంబంధం ఉందనడానికి గట్టి సాక్ష్యం ఉందని రాశారు.

లోపల జరిగేదాన్ని కూడా చూసినవారున్నారు. టాష్కిన్ బృందమే గంజాయి తాగేవారి శ్వాసనాళాల నుంచి చిన్న ముక్కలు తీసి సూక్ష్మదర్శిని కింద పరీక్షించింది. నాళాల లోపలి గోడకు వెంట్రుకల్లాంటి సన్నటి శైలికలుంటాయి; అవి చీపురులా ఊడ్చి తెమడనూ దుమ్మునూ గొంతు వైపుకు తోస్తాయి. గంజాయి తాగేవారిలో ఆ శైలికలున్న కణాలు పోయి, తెమడను తయారు చేసే కణాలు పెరిగాయి. ఊడ్చే చీపురు అరిగింది, చెత్త పెరిగింది. ఇక మిగిలిన దారి దగ్గి బయటికి తెచ్చుకోవడమే. పొద్దున లేవగానే వచ్చే దగ్గు అదే. రోజుకు మూడు నాలుగు సార్లు గంజాయి తాగేవారిలో కనబడిన ఈ మార్పులు, రోజుకు పెట్టెడు సిగరెట్లు తాగేవారిలో కనబడినవాటికి దగ్గరగా ఉన్నాయి. రెండూ తాగేవారిలో ఇంకా ఎక్కువ.

ఊపిరితిత్తుల కాపలా కణాలు కూడా మందగిస్తాయి. గాలిగదుల్లో తిరుగుతూ సూక్ష్మజీవుల్ని మింగే మాక్రోఫేజ్ అనే కణాలను గంజాయి తాగేవారి ఛాతీ నుంచి తీసి చూస్తే, బాక్టీరియాను చంపే శక్తి వాటిలో తగ్గి ఉంది. మన ప్రాంతానికి ఈ సంగతి ఎందుకు ముఖ్యమో కిందికొచ్చాక చూద్దాం.

ఊదే పరీక్షలో వచ్చిన వింత

ఇక్కడి నుంచి విషయం సూటిగా నడవదు. స్పైరోమెట్రీ అనే ఊదే పరీక్షలో రెండు అంకెలు చూస్తారు: నిండా పీల్చి మొత్తం ఎంత గాలి వదలగలరు, మొదటి ఒక్క సెకనులో ఎంత వదలగలరు. పొగాకు ఈ రెండో అంకెను ఏటా తరిగిస్తుంది. గంజాయి కూడా అలాగే తరిగిస్తుందని అందరూ అనుకున్నారు.

అమెరికాలో 5,115 మందిని ఇరవయ్యేళ్లు అనుసరించిన ‘కార్డియా’ అధ్యయనం ఫలితాలు 2012లో వచ్చాయి. అప్పుడప్పుడు, తక్కువ మోతాదులో తాగినవారిలో తరుగు కనబడలేదు. మొత్తం గాలి పరిమాణం కొంచెం ఎక్కువగా కూడా ఉంది. ఈ వార్త రాగానే ‘గంజాయి ఊపిరితిత్తులకు మంచిది’ అని ప్రపంచమంతా రాసిన పత్రికలున్నాయి. మొత్తం గాలి పెరగడానికి కారణం ఏళ్ల తరబడి నిండా లాగి బిగబట్టడమే కావచ్చని పరిశోధకుల ఊహ. న్యూజీలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన 1,037 మందిని చిన్నప్పటి నుంచీ అనుసరిస్తున్న అధ్యయనంలో కూడా గంజాయి తాగేవారి ఊపిరితిత్తులు ఉబ్బి ఉన్నాయి, పెద్ద నాళాల్లో గాలికి అడ్డు పెరిగింది. బుడగ పెద్దదైతే బలపడినట్టు కాదు కదా.

ఈ అధ్యయనాల్లో ఎక్కువ మంది వారానికో నెలకో కొద్దిగా తాగేవారు. రోజూ తాగేవాడి లెక్క వాటిలో తక్కువ. ‘హాని కనబడలేదు’ అన్నది వారాంతపు అమెరికన్ విద్యార్థి గురించి. నెల్లూరు బైపాస్ పక్కన రోజుకు నాలుగు సార్లు చిలుము పట్టేవాడికి ఆ భరోసా వర్తించదు.

మనకు దగ్గరి ప్రశ్నను అడిగింది కెనడాలోని వాంకూవర్ పరిశోధకులు. 2009లో వాళ్లు చెప్పింది ఇది: గంజాయి ఒక్కటే తాగినవారిలో సీఓపీడీ (గాలిదారులు శాశ్వతంగా ఇరుకైపోయే జబ్బు) ముప్పు స్పష్టంగా పెరగలేదు. పొగాకూ గంజాయీ కలిపి తాగినవారిలో మాత్రం, ఏదీ తాగనివారితో పోలిస్తే, దాదాపు మూడు రెట్లయింది. సిగరెట్టులో కూరుకుని తాగే మన అలవాటుకు వర్తించే అంకె ఇదే.

గాలిగదుల గోడలు చిరిగిపోయే ఎంఫసీమా విషయంలోనూ ఇదే చిక్కు. ఒట్టావాలో సీటీ స్కాన్లను పోల్చి చూసి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, 56 మంది గంజాయి తాగేవారిలో 75 శాతానికి, పొగాకు మాత్రమే తాగిన 33 మందిలో 67 శాతానికి, ఏదీ తాగని 57 మందిలో 5 శాతానికి ఎంఫసీమా కనబడింది. గంజాయి గుంపులో చాలామంది పొగాకు కూడా తాగేవారే. అది చిన్న అధ్యయనం, తీర్పు కాదు. యువకుల్లో ఊపిరితిత్తుల పైభాగాన పెద్ద గాలిబుడగలు ఏర్పడి, ఒక్కోసారి పగిలి, ఛాతీలో గాలి చేరి ఊపిరితిత్తి ముడుచుకుపోయిన కేసుల్ని కూడా వైద్య పత్రికలు నమోదు చేశాయి. బిగబట్టిన ఊపిరి మీద గట్టిగా దగ్గడం అందుకు తోడ్పడుతుందని అనుమానం. ఉన్నట్టుండి ఒకవైపు ఛాతీలో పోటు, ఊపిరాడకపోవడం వస్తే అది గ్యాస్ నొప్పని సోడా తాగుతూ కూర్చోకూడదు.

క్యాన్సర్ సంగతి తేలలేదు. పొగలో క్యాన్సర్ కారకాలున్నాయి, నాళాల కణాల్లో తొలి మార్పులు కనబడ్డాయి. కానీ పలు దేశాల అధ్యయనాల్ని కలిపి 2015లో చేసిన విశ్లేషణలో పొగాకు తాగనివారిలో గంజాయికీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కీ బలమైన సంబంధం దొరకలేదు. మరోపక్క, స్వీడన్ సైన్యంలో చేరిన 49,321 మంది యువకుల్ని నలభై ఏళ్లు అనుసరిస్తే, ఎక్కువగా తాగినట్టు చెప్పినవారిలో ముప్పు రెండు రెట్లు దాటింది. రెండు వాదాలవారూ తమకు నచ్చిన అధ్యయనాన్నే జేబులో పెట్టుకు తిరుగుతుంటారు. పొగాకు విషయంలో ఈ సందేహం డెబ్భయ్యేళ్ల కిందటే తీరింది. పొగాకు కలిపి తాగేవాడికి గంజాయి వల్ల క్యాన్సర్ వస్తుందా రాదా అన్న చర్చతో ఒరిగేదేమీ లేదు.

ఒకే చిలుము, నలుగురు మనుషులు

చిలుము ఒంటరిగా తాగేది కాదు. చేతులు మారుతుంది, నోళ్లు మారుతుంది. మూసిన గదిలోనో, అద్దాలెత్తిన కారులోనో, ఆగి ఉన్న లారీ క్యాబిన్లోనో నలుగురు దగ్గరగా కూర్చుంటారు, దగ్గుతారు. క్షయ వ్యాపించడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు ఉండదు. 2004లో అమెరికాలోని సియాటిల్‌లో మూసిన కారులో కలిసి గంజాయి తాగిన యువకుల గుంపులో క్షయ పాకినట్టు ఆరోగ్యాధికారులు గుర్తించారు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఒకే నీటి గొట్టం పంచుకున్నవారిలోనూ ఇలాగే జరిగింది. ప్రపంచంలోని క్షయ రోగుల్లో నాలుగో వంతుకు పైగా మన దేశంలోనే ఉన్నారు. సియాటిల్‌లో వార్త అయినది ఇక్కడ ఎవరి కంటా పడకుండా జరిగిపోగలదు. పైగా గంజాయి తాగేవాడికి దగ్గు మామూలే కాబట్టి, క్షయ దగ్గును కూడా ఆ ఖాతాలోనే వేసుకుని నెలలు గడిపేస్తాడు.

క్షయ తర్వాత రెండో ముప్పు బూజు. మన్యం నుంచి వచ్చే సరుకును బాగా అదిమి, ఇటుకల్లా చేసి, గోధుమరంగు టేపు చుట్టి దాస్తారు. తీరప్రాంతపు చెమ్మలో అది రోజులూ వారాలూ ఉంటుంది. గంజాయిలో ఆస్పర్‌జిల్లస్ అనే బూజు ఉండటం, దాని బీజాలు కాల్చినా పూర్తిగా చావక పొగతో లోపలికి పోవడం 1970ల నుంచీ తెలిసిందే. ఆరోగ్యవంతుడికి పెద్దగా ఏమీ కాకపోవచ్చు. క్షయ మానినా ఛాతీలో గుంత మిగిలిపోయినవారిలో అదే బూజు బంతిలా పెరిగి నెత్తురు కక్కించగలదు. మధుమేహం అదుపులో లేనివారికి, కీమోథెరపీలో ఉన్నవారికి, ఎయిడ్స్ రోగులకు ఇది ప్రాణం మీదికే వస్తుంది.

కొత్త రూపాల గురించి ఒక్క మాట. మన్యం సరుకు నుంచి తీసిన గంజాయి నూనె కూడా రాష్ట్రంలో పట్టుబడుతోంది. 2019లో అమెరికాలో టీహెచ్‌సీ నూనెను ఈ-సిగరెట్లలో పోసి పీల్చినవారికి ఊపిరితిత్తులు హఠాత్తుగా దెబ్బతిన్నాయి. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రుల పాలై 68 మంది చనిపోయారు. నూనెను పలచన చేయడానికి కలిపిన విటమిన్-ఇ ఎసిటేట్ అందుకు ప్రధాన కారణమని తేలింది. దొంగ సరుకులో ఏం కలిపారో కొన్నవాడికి తెలియదు, చాలాసార్లు అమ్మినవాడికీ తెలియదు.

ఈ తీరపు ఛాతీ

మైపాడు బీచ్, నెల్లూరు జిల్లా కోడూరు బీచ్‌ల గాలి పీల్చి వచ్చినవారికి ఈ తీరం ఊపిరితిత్తులకు స్వర్గమనిపిస్తుంది. అది సగం నిజం. 2008లో మొదలైన కృష్ణపట్నం ఓడరేవుకు బొగ్గు ప్రధానమైన సరుకుల్లో ఒకటి. ముత్తుకూరు మండలంలో నేలటూరు దగ్గర దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం బొగ్గు మండిస్తుంది. గూడూరు, సైదాపురం వైపు అభ్రకం గనులు. కోట, చిల్లకూరు వైపు సిలికా ఇసుక. సిలికా దుమ్ము ఏళ్లు పీల్చితే సిలికోసిస్ వస్తుంది, సిలికోసిస్ ఉన్నవాడికి క్షయ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. తీరగ్రామాల్లో సరుగుడు పుల్లల పొయ్యి ఇంకా పూర్తిగా ఆరలేదు.

గనిలోనో, రేవులోనో, లారీ మీదో పనిచేసే మనిషి ఒళ్లునొప్పులు మరచిపోవడానికి దమ్ము లాగాడనుకుందాం. పొగ అరగదీసిన చీపురే దుమ్మును ఊడ్చాలి. మందగించిన కాపలా కణమే క్షయ క్రిమిని పట్టాలి. ఏ అంతర్జాతీయ అధ్యయనమూ ఈ మనిషిని కొలవలేదు. అభ్రకపు దుమ్ము, పొగాకు, గంజాయి, క్షయ నాలుగూ ఒకే ఛాతీలో చేరినప్పుడు ఏమవుతుందో చెప్పే పట్టిక డునెడిన్‌లో తయారు కాదు. అది తయారు కావలసింది నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి ప్రభుత్వ వైద్య కళాశాల వంటి చోట, ఓపీ చీటీ మీద.

మానితే

మంచి వార్త కూడా ఉంది. గంజాయి మానినవారిలో దగ్గు, తెమడ, పిల్లికూతలు తగ్గుముఖం పడతాయని లాస్ ఏంజెలెస్, డునెడిన్ అధ్యయనాలు రెండూ చూపాయి. చిరిగిన గాలిగది మళ్లీ అతుక్కోదు గానీ, అరిగిన చీపురు మొలుస్తుంది. మానిన మొదటి వారం, రెండు వారాలు నిద్ర పట్టదు, చిరాకు, ఆకలి మందం, చెమటలు. అవి ప్రమాదకరం కావు, వాటంతటవే పోతాయి. గంజాయి మాన్పించే ప్రత్యేకమైన మాత్ర ఇప్పటికి లేదు. మాటల చికిత్సే ఆధారం. పొగాకు కలిపి తాగేవాడు రెండూ ఒకేసారి మానడం మేలు. లేకుంటే ప్రతి సిగరెట్టూ పాత పొట్లాన్ని గుర్తుచేస్తుంది. పొగాకుకైతే నికోటిన్ గమ్, పట్టీలు ఉన్నాయి.

చట్టం భయంతో చాలామంది ఆసుపత్రికి రారు. గంజాయి తాగినందుకు ఎన్‌డీపీఎస్ 27వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు గానీ, పది వేల రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ఇరవై కిలోలు మించి దొరికితే పది నుంచి ఇరవై ఏళ్లు. అదే చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది: అలవాటుపడ్డవాడు తాగిన నేరానికో, చిన్న మొత్తం దగ్గర పెట్టుకున్న నేరానికో చిక్కినప్పుడు, తనంతట తానుగా ప్రభుత్వం గుర్తించిన చోట చికిత్సకు వెళ్లి పూర్తి చేస్తే విచారణ నుంచి రక్షణ దొరుకుతుంది. 27వ సెక్షన్ తెలిసినంతగా ఈ సెక్షన్ మన వకీళ్ల నోట వినబడదు.

డాక్టర్లకూ ఒక మాట. ఛాతీ ఓపీలో ‘బీడీ, సిగరెట్టు, మందు అలవాటుందా’ అని అడుగుతారు. గంజాయి మాట ఎత్తరు. ఎత్తితే ఇంటివాళ్ల ముందు ఎత్తుతారు. కుర్రవాడు లేదంటాడు. తోడొచ్చినవాళ్లను బయట కూర్చోబెట్టి, మామూలు గొంతుతో అడిగితే జవాబు వేరుగా వస్తుంది.

చదువుతున్నవారిలో ఎవరికైనా, ఎవరి ఇంట్లోనైనా రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో తెమడ పరీక్ష ఉచితం. క్షయ అని తేలితే మందులు ఉచితం, చికిత్స సాగినన్నాళ్లు నెలకు వెయ్యి రూపాయలు పోషణకు ఖాతాలో పడతాయి. అలవాటు మానడానికి సాయం కావాలంటే 14446, మనసు బాగోలేకపోతే 14416. పరీక్షకు పోయినప్పుడు డాక్టరు అడగకపోయినా, ఏం కలిపి తాగుతున్నారో, ఎన్నేళ్లుగా తాగుతున్నారో దాచకుండా చెప్పండి.